తేట నీళ్లు

సోమవారం పొద్దున ఇసక్కి తూత్తుకుడి బండి దిగి, రెండు బాటరీ పెట్టెలను కావడిబద్దకు చెరోపక్క వేలాడదీసుకొని కోవిల్‌పట్టి జిన్నింగు మిల్లుకు వచ్చాడు. మిల్లు పెద్ద గేటు పత్తి బండ్లకు తప్ప తెరవరు. మనుషులకు దాని పక్కనే ఒక చిన్న తలుపు ఉంది. ఎంత పొట్టివాడైనా తల వంచి రావలసిందే. ఇసక్కి ఒక పెట్టెను లోపల పెట్టి, మళ్లీ బయటికి పోయి రెండోదాన్ని తెచ్చాడు. కావలి మాడన్ స్టూలు మీదినుంచి లేవలేదు.

డైనమో కొట్టంలో దాన్ని నడిపే చెల్లసామి తోలుపట్టా జారకుండా గుగ్గిలం పొడి చల్లుతున్నాడు. ఇసక్కిని చూసి చేతులు తుడుచుకున్నాడు. ఏమీ అడగకుండానే పెట్టె మూత తీసి, మీటరు తీగలు రెండూ సీసపు కొనలకు ఆనించాడు. ముల్లు లేచి పదకొండుకు ఇవతలే నిలిచింది. రెండోది ఇంకా తక్కువ. పోయిన సోమవారం ఇవే పెట్టెలు పన్నెండున్నర చూపించి పోయాయి.

"ఎన్నాళ్లు వెలిగినాయి?"

"మొదటి నాడు బాగనే వెలిగింది అన్నాచ్చి. రెండో నాడు పచ్చబడింది. మూడో నాడు చుట్ట ముట్టించుకున్నంత వెలుగు కూడా లేదు."

చెల్లసామికి ఇంట్లో తెలుగు, గేటు లోపల అరవం. ఇసక్కితో చెల్లసామి మాటలన్నీ అరవంలోనే. ఇసక్కి మిల్లువారి లాంచిలో దీపాల పని చేస్తాడు. తూత్తుకుడి ఒడ్డునుంచి పత్తి బేళ్లు నింపిన తోణీ పడవలను ఆరు మైళ్ల దూరంలో నిలిచే ఓడల దగ్గరికి ఆ లాంచి లాక్కుపోతుంది. దాని ఎర్రదీపం, పచ్చదీపం, స్తంభం మీది దీపం ఈ పెట్టెలతోనే వెలగాలి. లాంచిలో డైనమో లేదు. అందుకని వారానికొకసారి రెండు పెట్టెలు రైల్లో పైకి వస్తాయి, చార్జి అయిన రెండు కిందికి పోతాయి. రెండు నెలలుగా అవి వారం నిలవడం లేదు.

చెల్లసామి చేయగలిగిందంతా చేశాడు. లావు రాగితీగ వేయించాడు. సీసపు కొనల మీద పట్టిన పచ్చని పొక్కును సోడానీళ్లతో కడిగి వాసెలిన్ పూశాడు. ఎనిమిది గంటలు పెట్టే చార్జిని పన్నెండు గంటలు పెట్టాడు. పెట్టె ఇక్కడినుంచి కదిలేటప్పుడు ముల్లు ఎప్పుడూ పన్నెండున్నర దాటే ఉండేది.

మేనేజరు కొట్టంలోకి వచ్చేటప్పుడు అంగవస్త్రంతో ముక్కు మూసుకొని వస్తాడు. ఆయనకు బాటరీల్లో పోసే ద్రావకం వాసన పడదు. చేతిలో మిల్లు యజమాని ఉత్తరం ఉంది.

"పోయిన వారం దీపం లేక లాంచి తోణిని గుద్దింది. పన్నెండు బేళ్లు నీళ్లలో పడినాయి. మొదలాళి అడుగుతున్నారు. పెట్టె ఇక్కడినుంచి నిండుగా పోయిందా లేదా?"

"నిండుగానే పోయింది అయ్యా."

"నిండుగా పోయింది ఖాళీగా వస్తే, నడుమ తాగినవాడు ఎవడు?"

మేనేజరు ఇసక్కివైపు చూశాడు.

"వీడి ఇల్లు ఒడ్డునే. ఇంటికి తీగ లాక్కొని దీపం పెట్టుకున్నాడు. సముద్రం గాలి, కరెంటు దీపం. నాకు కూడా లేదు ఆ భాగ్యం."

ఇసక్కి పంచె నిండా ద్రావకం కాల్చిన చిల్లులు. వాటిలో ఒకదాన్ని వేలితో పెద్దది చేస్తూ నిలబడ్డాడు. "మా ఇంట్లో చిమ్నీ బుడ్డే అయ్యా" అన్నాడు.

"దొంగిలించినవాడు చిమ్నీ బుడ్డే చూపిస్తాడు."

మేనేజరు కాగితం తీశాడు. పైన తేదీ, కింద ఒకే వాక్యం: పెట్టెలు ఇక్కడినుంచి నిండు చార్జితో పోయినవి. చెల్లసామి రెండుసార్లు చదివాడు. అందులో అబద్ధం లేదు. గుగ్గిలం అంటిన వేళ్లతో చేవ్రాలు పెట్టాడు. ఇసక్కి ఆ కలం కదిలినంతసేపూ కలాన్నే చూశాడు.

"మొదలాళి జవాబు వచ్చేదాకా వీడు గేటు దాటరాదు" అని మేనేజరు మాడన్‌తో చెప్పాడు. "ఊరికే ఎందుకు, పత్తిగింజలు ఎత్తనీ."

*

ఆ మధ్యాహ్నం ఇంట్లో చెల్లసామి భార్య పాపమ్మాళ్ కొత్తగా తెచ్చిన నీళ్ల కుండ ముందు కూర్చొని ఉంది. మిల్లు బావినీళ్లు కుక్క కూడా తాగదు. వానకు నిండే ఊరణి గుంట నీళ్లే ఊరికి తాగునీళ్లు. ఎండలు ముదిరే పంగుని నెలకు ఊరణి అడుగంటి, నీళ్లు నల్లరేగడి కలిసి పాలు పోసిన కాఫీలా ఉంటాయి. పాపమ్మాళ్ చిల్లగింజను ఖాళీ కుండ లోపలి గోడకు గరగర రుద్ది, నీళ్లు పోసి, ఒక్కసారి గిర్రున తిప్పి వదిలేసింది. కొంచెంసేపటికి మురికంతా అడుక్కు పోయి, పైన నీళ్లు గాజులా తేరుకున్నాయి. ఈ పని ఆమె అమ్మ చేసింది, అమ్మమ్మ చేసింది.

"కూడు పెట్టేదా మామా?" అని అప్పుడే వచ్చిన చెల్లసామిని అడిగింది.

"ఇంగా పనుండాది. సెంబులో నీళ్లు పొయ్యి. పెట్టెలకు తక్కువైనాయి."

"నీ పెట్టెలు నాకన్నా ఎక్కువ తాగుతుండాయి. మూడు కుండలు మోసినాను పొద్దన్నుంచి." ఆమె గుడ్డ అడ్డం పెట్టి వడకట్టి మరీ పోసింది. "ఎవరో తూత్తుకుడి ఆయప్పను పట్టి పెట్టినారంటనే. దొంగా?"

"ఏమో."

"ఏమో అంటే? చేవ్రాలు నువ్వే పెట్టినావంట. మాడన్ పెండ్లాం సెప్పింది."

"పెట్టెలు నిండుగా పోయినాయని పెట్టినా. దొంగని పెట్టలా."

పాపమ్మాళ్ చెంబు అందించింది. అతను గడప దాటేదాకా వీపు వైపు చూసింది.

డైనమో బిగించడానికి మదురైనుంచి వచ్చిన మేస్త్రి ఒకే మాట నొక్కి చెప్పి పోయాడు: పెట్టెలో నీళ్లు తగ్గితే వాననీళ్లే పొయ్యి, వేరేది వద్దు. చెల్లసామి ఆ మాట తప్పలేదు. వాన మొదలైతే నాలుగు కర్రలకు పంచె కట్టి, నడుమ ఒక గులకరాయి వేసి, కింద భరణి పెట్టి నీళ్లు పట్టేవాడు. వానలు పడవలసిన మొన్నటి ఐప్పసి నెలలో వాన మోసం చేసింది. సంక్రాంతి వచ్చే తై నెలలో భరణి అడుగంటింది. ఊరణి నీళ్లూ వాననీళ్లే గదా అనుకున్నాడు. చిల్లగింజ వేసి తేరిస్తే భరణి నీళ్లకన్నా తేటగా ఉన్నాయి. వెలుతురుకు పట్టి చూస్తే చెంబు అడుగున ఉన్న చుక్కల ముద్ర కూడా కనిపించింది. అప్పటినుంచి అవే పోస్తున్నాడు.

ఇప్పుడు కూడా గరాటు పెట్టి, ఇసక్కి తెచ్చిన పెట్టెల్లో ఒక్కొక్క గదిలోకి కొలిచినట్టు పోశాడు. పోస్తూ పక్కన నిండు చార్జితో సిద్ధంగా ఉన్న తక్కిన రెండు పెట్టెలను చూశాడు. ఈ గొడవ తేలేదాకా అవి పోవు.

వాటికి మీటరు పెట్టాడు. పన్నెండున్నర. తీగలన్నీ విప్పేశాడు. పీట మీద ఎక్కించి గోనెపట్టా కప్పాడు. తలుపు లోపలివైపు సుద్దతో ఒక గీత గీసి, పక్కన పన్నెండున్నర అని రాశాడు. తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఎవరూ ముట్టని పెట్టె నిలిస్తే ఇసక్కి దొంగ. నిలవకపోతే ఎవరు అన్నది ఆ పూటకు ఆలోచించలేదు.

*

మంగళవారం పొద్దున గోనెపట్టా తీశాడు. ముల్లు పన్నెండుంబావు దగ్గర ఆగింది. తీగ సరిగా ఆనలేదనుకొని కొనలు గీకి మళ్లీ పెట్టాడు. అదే. చార్జి దింపినాక కొంచెం తగ్గడం మామూలే అని తనకు తనే చెప్పుకొని రెండో గీత గీశాడు.

కొట్టం కిటికీలోనుంచి గింజల కుప్ప కనిపిస్తుంది. ఇసక్కి తట్టతో గింజలు ఎత్తి గోనెల్లో పోస్తున్నాడు. పడవ మీద నడిచేవాడి నడక. ప్రతి అడుగుకూ కాళ్లు ఎడం చేసి వేస్తాడు. ముఖం నిండా, కనుబొమల్లో కూడా పత్తి నూగు. గేటు దగ్గర ఆడవాళ్లు నవ్వుతూ పోతున్నారు.

"ఏమి కరెంటు అల్లుడా, మా ఇంటికి కూడా ఒక తీగ లాగరాదా?"

ఇసక్కి తట్ట దించి ముఖం తుడుచుకున్నాడు. "మీ ఇంటిదాకా తీగ చాలదు అక్కా" అన్నాడు. వాళ్లు ఇంకా నవ్వారు. అతను నవ్వలేదు. చెల్లసామి కిటికీ రెక్క దగ్గరికి వేశాడు.

బుధవారం పొద్దున ముల్లు పన్నెండు కూడా దాటలేదు. మూడో గీత గీశాడు. తలుపుకు తనే తాళం వేశాడు. చెవి తన మొలతాడుకే ఉంది. ఈ పెట్టె దగ్గరికి ఇసక్కి రాలేదు, గాలి కూడా రాలేదు.

అదే పొద్దున మేనేజరు చీటీ రాసి ఇచ్చి, ద్రావకం భరణి ఒకటి తెమ్మని విరుదునగర్‌కు పంపాడు. చెల్లసామి ఇంటినుంచి తాగే నీళ్ల చెంబు పట్టుకొని బండెక్కాడు.

విరుదునగర్ బస్సు కొట్టంలో బాటరీలు చూసేవాడు మారియప్పన్. ఎదుటి మనిషిని ఆటపట్టించకుండా ఒక్క మాట మాట్లాడలేడు. నేల మీద పదిహేను పెట్టెలు వరుసగా పెట్టుకొని నడుమ కూర్చున్నాడు.

"రండి నాయక్కరే. విరుదునగర్ దారి మరిచిపోయినారేమో అనుకున్నా. మీ లాంచి ఇంకా తేలుతోందా?"

"తేలుతోంది. దీపమే మునిగింది." చెల్లసామి బల్ల మీద కూర్చున్నాడు. ఎలా అడగాలో తెలియలేదు. "ముట్టకుండా పెట్టిన పెట్టె మూడు నాళ్లలో దిగిపోతుందా?"

మారియప్పన్ చేతిలో పని ఆపాడు. "కొత్త రేకులేనా?"

"ఏడాది కాలేదు."

"దిగదు. నెల పెట్టినా అంత దిగదు. నీళ్లు ఏవి పోస్తారు?"

చెల్లసామి దాహానికి అప్పటికే చెంబు ఎత్తాడు. రెండు గుక్కలు తాగి, దించి, "ఇవే" అన్నాడు.

మారియప్పన్ చెంబు తీసుకొని చూశాడు. "బాగున్నాయే. గాజులాగ ఉన్నాయి." లేచి పోయి అరలోనుంచి ఒక చిన్న నల్లసీసా తెచ్చాడు. గాజుగ్లాసులో కొంచెం చెంబునీళ్లు పోసి, సీసాలోని మందు మూడు చుక్కలు వేశాడు.

మొదటి చుక్క పొగలాగ దిగింది. మూడో చుక్కకు గ్లాసు మొత్తం బియ్యం కడుగులాగ తెల్లబడింది.

"ఉప్పు" అన్నాడు మారియప్పన్. వేరే గ్లాసులో తన భరణిలోని నీళ్లు పోసి అదే మందు వేశాడు. అవి నీళ్లలాగే ఉన్నాయి. "ఇది కాచి ఆవిరి పట్టిన నీళ్లు. మీది ఏ బావి?"

"బావి కాదు. ఊరణి. వాననీళ్లే. చిల్లగింజ వేసి తేర్చింది."

"నేలమీద పారినాక అది వాన ఎట్లవుతుంది నాయక్కరే? మీ కరిసల్ నల్లమట్టిలో ఉప్పంతా కడుక్కొని వచ్చి ఊరణిలో కూర్చుంది. గింజ మురికిని దించుతుంది. ఉప్పును దించే గింజ నేను చూడలేదు." ఇంకేదో హాస్యం ఆడబోయి చెల్లసామి ముఖం చూసి మానుకున్నాడు. "ఆ ఉప్పు పెట్టెలోపలే కూర్చొని తింటుంది. చార్జి పెట్టిన పూట ముల్లు నిండుగా చూపిస్తుంది. తరువాత ఎవరూ ముట్టనక్కరలేదు. కడిగి, కొత్త ద్రావకం పొయ్యండి. బాగవుతుంది."

చెల్లసామి తెల్లబడిన గ్లాసును పక్కకు జరిపి లేచాడు. ద్రావకం భరణి, ఆవిరినీళ్ల భరణి, రెండూ గడ్డి చుట్టించుకొని స్టేషనుకు నడిచాడు. దారిలో ఎండకు గొంతు ఎండిపోయింది. చెంబులో నీళ్లున్నా తాగలేదు.

*

గురువారం ముల్లు పదకొండు ముప్పావు. నాలుగో గీత. చెల్లసామి తాళం వేసి ఆఫీసుకు పోయాడు. మేనేజరు రూళ్లకర్రతో గీతలు కొడుతున్నాడు. పక్కనే విప్పిన ఉత్తరం.

చెల్లసామి నిలబడే చెప్పాడు. నీళ్లు, గింజ, నల్లసీసా, తలుపు మీది గీతలు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. "తప్పు నాది అయ్యా. ఇసక్కి ముట్టలేదు."

మేనేజరు రూళ్లకర్ర పక్కన పెట్టాడు. కోప్పడతాడనుకున్నాడు చెల్లసామి. కోప్పడలేదు.

"సోమవారం చేవ్రాలు పెట్టినావే, అప్పుడు నీకు ఇది తెలుసా?"

"తెలియదు అయ్యా."

"అయితే ఇప్పుడు కూడా తెలియదు." ఉత్తరం మీద చెయ్యి పెట్టాడు. "జవాబు వచ్చేసింది. వాణ్ణి తీసెయ్యమన్నారు. వేరే మనిషిని కూడా పెట్టేసినారు. మిల్లులోనే తప్పు జరిగిందని నేను ఇప్పుడు రాస్తే, పన్నెండు బేళ్లూ ఎవరి తలమీద పడతాయి? నీ తల, నా తల. వాడిలాంటి వాళ్లు ఒడ్డున ఎందరైనా దొరుకుతారు. డైనమో తెలిసినవాడు ఈ తాలూకాలో నువ్వొక్కడివే. నిన్ను ఎక్కడికి పంపేది?"

మేనేజరు ఉత్తరం మడిచాడు.

"మంచినీళ్లు తెచ్చినావు గదా. పెట్టెలు కడిగి, కొత్త ద్రావకం పోసి, రేపటి బండికి పంపు. వారమంతా దీపాలు నిండుగా వెలుగుతాయి. దొంగ పోయినాడు, దీపం నిలిచింది అనుకుంటారు. అందరికీ బాగే." రూళ్లకర్ర మళ్లీ తీసుకున్నాడు. "వాణ్ణి కూడా అదే బండికి పంపెయ్యి. మిల్లు టిక్కెట్టే."

చెల్లసామి కొట్టానికి వచ్చి భరణుల ముందు కూర్చున్నాడు. బాగుచేస్తే ఇసక్కి దొంగ అని తూత్తుకుడి అంతా చూస్తుంది. బాగుచేయకపోతే లాంచి చీకటిలో పోతుంది. మేనేజరు అబద్ధం ఒకటి కూడా చెప్పమనలేదు. పని బాగా చేయమన్నాడు, అంతే. ఇన్నేళ్లుగా చెల్లసామికి తెలిసింది అదొక్కటే.

పాపమ్మాళ్ కూడు తెచ్చి వాకిట్లో నిలబడింది. అతను విషయం చెప్పాడు. ఆమె విని, తట్ట దించి, "నేను తేర్చిన నీళ్లా?" అంది.

"నీ తప్పు లే. తాగేదానికి అవి మంచివే."

ఆమె కొట్టం దూలాలవైపు, బయట వరుసగా ఉన్న మిల్లు గదులవైపు చూసింది. అందులో ఒకటి వాళ్లది. "గది పోతాదా మామా?"

"పోను కూడా పోవచ్చు."

"ఆయప్పకు పిల్లోళ్లు ఉండారా?"

"అడగలా."

"నాలుగు నాళ్లుగా కిటికీలో చూస్తుండావు. అదొగటి అడగలేదా?" అని ఆమె చెంబులో నీళ్లు పోసి పెట్టి పోయింది.

ఆ మధ్యాహ్నం చెల్లసామి, నాలుగు నాళ్లు ముట్టని ఆ రెండు పెట్టెలనే చార్జికి ఎక్కించాడు. పెట్టెల లోపలి గదులు కడగలేదు. భరణులకు చుట్టిన గడ్డి విప్పలేదు. సాయంత్రానికి ముల్లు పన్నెండున్నరకు వచ్చింది. ఎప్పటిలాగే.

*

శుక్రవారం పొద్దున స్టేషనుకు ఇసక్కి కావడి మోశాడు. చెల్లసామి వద్దంటే వినలేదు. "అలవాటే" అన్నాడు. నాలుగు నాళ్ల తరువాత చిన్న తలుపులోనుంచి వంగి బయటికి వచ్చినప్పుడు నడుం పట్టుకొని కాసేపు నిలబడ్డాడు.

ప్లాట్‌ఫారం మీద పెట్టెలు దించాక చెల్లసామి చెప్పాడు. మేనేజరుకు చెప్పినట్టే, అవే మాటలు. ఇసక్కి పెట్టెలవైపు చూస్తూ విన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం. నిన్న మేనేజరుతో చెప్పినా. ఒప్పుకోలేదు."

"నిన్నంతా గింజలు ఎత్తినాను అన్నాచ్చి నేను."

చెల్లసామి జేబులోనుంచి కాగితం, పెన్సిలు తీసి పెట్టె మీద పెట్టుకొని రాశాడు. పల్లెబడి రాత, ఒక్కొక్క అక్షరం విడిగా. రాశాక పైకి చదివాడు.

"లాంచి సరంగు గారికి. ఈ రెండు పెట్టెలు పాత నీళ్లతోనే వస్తున్నవి. ఒకదాన్ని దీపాలకు కట్టకుండా, ఎవరూ ముట్టకుండా మీ గదిలో తాళం వేసి పెట్టండి. మూడు నాళ్లలో అదే దిగిపోతుంది. మీటరు పెట్టి చూడండి. తప్పు నేను పోసిన నీళ్లది. ఇసక్కిది కాదు. మంచి పెట్టెలు వచ్చేదాకా లాంచికి కిరసనాయిలు లాంతర్లు కట్టుకోండి. రెండో పెట్టెను నమ్మవద్దు. ఇట్లు, కోవిల్‌పట్టి మిల్లు డైనమో చెల్లసామి."

ప్లాట్‌ఫారం మీద బుట్టలతో కూర్చున్న ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి విన్నారు. ఇసక్కి చెయ్యి చాపలేదు.

"ఇంకొకటి రాయి."

"ఏమి?"

"మా ఇంట్లో చిమ్నీ బుడ్డి తప్ప వేరే దీపం లేదని రాయి. సరంగు నమ్మితే నమ్ముతాడు. మా వీధి పెట్టెలూ మీటర్లూ చూడదు. నా ఇద్దరు పిల్లలూ ఆ వీధిలోనే తిరగాల."

చెల్లసామి పెన్సిలు ఆపాడు. "మీ ఇల్లు నేను చూడలేదే."

"చూడకనే గదా అన్నాచ్చి, ముందుదానికి చేవ్రాలు పెట్టినావు. దీనికీ పెట్టు."

దూరాన బండి కూత వినిపించింది. చెల్లసామి తన పేరు పైనున్న చోటు చూశాడు. చాలలేదు. పేరు కొట్టేసి, ఆ వాక్యం రాసి, దాని కింద మళ్లీ పేరు రాశాడు. ఇసక్కి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పొగాకు తిత్తిలో దోపుకొని, పెట్టెలను గార్డు బండిలోకి ఎత్తించాడు. ఎక్కేముందు వెనక్కి తిరిగి చూడలేదు.

చెల్లసామి తిరిగి మిల్లుకు వచ్చేసరికి పెద్ద గేటు తెరిచి ఉంది. పత్తి బండ్లు లోపలికి పోతున్నాయి. అతను చిన్న తలుపులోనుంచే వంగి పోయాడు.

ఆఫీసు వరండాలోనుంచి మేనేజరు కేకవేశాడు. "వాడు పోయినాడా? పెట్టెలు కడిగే పంపినావు గదా?"

"లేదు అయ్యా. పాత నీళ్లతోనే పోయినాయి. సరంగుకు చీటీ రాసి ఇసక్కి చేతికిచ్చినా."

మేనేజరు లేచి వరండా అంచుకు వచ్చాడు. "ఏమని రాసినావు?"

చెల్లసామి వరసగా చెప్పాడు. బండివాళ్లు ఎద్దులను ఆపి విన్నారు. మాడన్ స్టూలు మీదినుంచి లేచాడు. చివరి వాక్యం దగ్గర మేనేజరు ఆపాడు.

"వాడి ఇంట్లో బుడ్డి ఉందో, మరేముందో, నువ్వు పోయి చూసినావా?"

"చూడలేదు అయ్యా" అన్నాడు చెల్లసామి. "ఆ వాక్యం కిందనే పేరు రాసినా."

ఆయన ఇంకా ఏదో అడుగుతుండగానే చెల్లసామి కొట్టంవైపు నడిచాడు. మొలతాడునుంచి చెవి విప్పి తాళం తీశాడు. తలుపు మీద నాలుగు గీతలు అలాగే ఉన్నాయి. సోమవారం ఇసక్కి తెచ్చిన పెట్టెలు రెండూ మూల ఉన్నాయి. ఒకదాన్ని నేల మీద ఒరిగించి, మూతలు ఒక్కొక్కటే విప్పి, లోపలిదంతా మట్టితొట్టిలోకి వంచాడు. తేటగానే వచ్చింది. పూర్తిగా కారిపోయేదాకా ఒరిగించిన చెయ్యి తీయకుండా, ఆఫీసునుంచి వస్తున్న అడుగులు వింటూ కూర్చున్నాడు.